నవలలోని వితంతువు, చరిత్రలోని వితంతువు

ఆంగ్లభాషలో చారిత్రక ప్రేమకథలకు నేడు లెక్కలేదు. వానిలో నొక తెగ నవలల కథ యించుమించుగా నిట్లుండును. కాలము పందొమ్మిదవ శతాబ్ద ప్రారంభము. స్థలము లండను నగరము. ముసలిభర్త గతించుటచే ధనమును స్వాతంత్ర్యమును ఒక్కమాఱే చేజిక్కిన యొక యువతి కాలక్షేపమునకై యొక సభకు బోవును. అచ్చట నొక యువకుడు వెస్టిండియా దీవుల చెఱకుతోటలలో ఆఫ్రికా బానిసలు పడు పాట్లను వర్ణించును. ఆమె హృదయము కరగును. మఱునాటినుండి తేనీటిలో చక్కెర మానును, కరపత్రములు పంచును, బంధువుల నిందలు సహించును. కడపట ఆ వక్తనే వివాహమాడును. కథ మంగళాంతము.

ఇట్టి నవలలను జూచి పెదవి విఱచుట పండితులకు పరిపాటి. మే మట్లు చేయబోము. పార్లమెంటు చర్చల సంపుటములను ముట్టనివారుకూడ నవలను చేత బట్టుదురు. దాస్యవిమోచనోద్యమ మొకటి జరిగినదని దానివలననైన నెఱుగుదురు. కాని కథ ముగిసిన పిమ్మట పుస్తకము మూసి, ఈ వితంతువు నిజముగా నుండెనా, ఉన్నచో నామె చేసినదేమి, ఆమె చేతిలోని ధన మెచ్చటిది అని యడుగుట పాఠకుని ధర్మము. ఆ మూడు ప్రశ్నలకును చరిత్ర ప్రత్యుత్తర మిచ్చుచున్నది. ఆ ప్రత్యుత్తరము నవలకంటె రసవత్తరము. ఒక్కొక్కచోట నవలకంటె కఠినము.

మొట్టమొదట, నవలాకారులు వితంతువునే యేల యేఱుకొందురు? దీనికి కారణము శృంగారము కాదు, న్యాయశాస్త్రము. ఆనాటి ఇంగ్లీషు చట్టము ననుసరించి పెండ్లియైన స్త్రీకి భర్తనుండి వేఱైన వ్యక్తిత్వమే లేదు. ఆమె కూలిడబ్బు మొదలు పుట్టింటినుండి తెచ్చుకొన్న సొమ్ములవఱకు సామాన్యముగా సమస్తమును భర్తదే. ఆమె తన పేర నొడంబడిక వ్రాసికొనజాలదు, వ్యాజ్యము వేయజాలదు. 1870, 1882 సంవత్సరముల వివాహిత స్త్రీల యాస్తిచట్టములు వచ్చువఱకు నీ స్థితి తొలగలేదు. పెండ్లికాని పిల్లయో, తండ్రి చాటున మెలగవలసినది. సంఘమున గౌరవమును, చేతిలో డబ్బును, సంతకమునకు విలువయు నొక్కచో కూడియుండుట వితంతువునకే సాధ్యము. కావుననే ఒక యుద్యమమున స్వేచ్ఛగా నడుగిడవలసిన కథానాయికకు భర్తను ముందే చంపివేయుట నవలాకారున కవసరమైనది.

మన దేశమున పరిస్థితి యిందుకు కేవలము తలక్రిందులు. ఆ శతాబ్దముననే, 1829లో, మన వితంతువులను చితినుండి తప్పించుటకు శాసనము కావలసివచ్చెను. 1856లో పునర్వివాహచట్టము వచ్చెను. వచ్చినను, దానిని తెలుగునేల నాచరణలో పెట్టుటకు వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీని మొదటి వివాహము జరిపించువఱకు వేచియుండవలసివచ్చెను. భర్త యాస్తిపైన హిందూ వితంతువునకు అనుభవమాత్రమైన హక్కేగాని, విశేషావశ్యకత లేనిది అమ్ముటకు హక్కు లేకుండెను. ఆ సంకెల 1956 నాటి వారసత్వచట్టముతో గాని తెగలేదు. కావున 'వితంతువు' అనగానే ఆంగ్లపాఠకుని మనస్సున మెదలు చిత్రమొకటి, మనకు మెదలు చిత్రము వేఱొకటి. ఈ భేదము నెఱిగి చదువకున్న, అట్టి నవలలు మనకు నేల విడిచిన సాములే యగును.

ఇక ధనము మాట. నవలలో ఆ ధనము ఆకాశమునుండి రాలిపడినట్లుండును. నిజమున నది తఱచుగా చెఱకుతోటలనుండి వచ్చినదే. ఆ కాలమున తోటల యజమానులు తమ భార్యలకును కుమార్తెలకును జీవనాంశముల నేర్పాటు చేయునపుడు, ఆ వార్షికములను తోటపైనను, తోటతోపాటు బానిసలపైనను భారముగా వ్రాసెడివారు. బానిసను కన్నులార చూడని వితంతువు, ఇంగ్లండులో నొక మర్యాదగల వీథిలో కాపురముండి, సంవత్సరమున కొకమాఱు వచ్చు సొమ్ముతో చర్చికి చందా లిచ్చుచు, పిల్లులను పెంచుచు కాలము గడపును. ఆ సొమ్ము ఎవరి వెన్నుపై కొరడాదెబ్బలనుండి వచ్చినదో ఆమెకు తెలియదు. తెలిసికొన నవసరమును లేదు. ఇది యతిశయోక్తి కాదు. 1833 చట్టము పిమ్మట బానిసల యజమానులకు నష్టపరిహార మిచ్చినపుడు సుమారు 46,000 మంది తమ హక్కులు చెప్పుకొనిరి. వారిలో నూటికి నలుబదికి పైగా స్త్రీలే యని నేటి పరిశోధకులు తేల్చిరి. కావున దాస్యచరిత్రలో ఆంగ్లవితంతువు విమోచకురాలి స్థానమున మాత్రమే నిలువలేదు; యజమానురాలి స్థానమునను నిలిచినది. ఒకే స్త్రీ యీ రెండు స్థానములనడుమ నలిగిపోవుటకంటె నవలకు కావలసిన సంఘర్షణ మేమున్నది? అయినను మన ప్రేమకథలు దానిని తఱచు దాటిపోవును. వరుడు దొరకునా లేదా యన్నదే వానికి చింత.

ఇక నిజమైన వితంతువు మాట. ఆమె పేరు ఎలిజబెత్ హేరిక్. 1769లో ఇంగ్లండు నడిమిభాగమునందలి లెస్టరు పట్టణమున నొక ఉన్నివస్త్ర వ్యాపారి యింట జనించినది. తండ్రి జాన్ కోల్ట్‌మన్. పదునెనిమిది, ఇరువదియేండ్ల ప్రాయమున జాన్ హేరిక్ అనునాతనిని పెండ్లాడినది; అతడు న్యాయవాదవృత్తి విడిచి సైన్యమున చేరినవాడు. కాపురము ఒడుదుడుకులతో గూడినదని చరిత్రకారులు చెప్పుదురు. ఎనిమిదేండ్లు గడచునప్పటికి భర్త మరణించెను, సంతానము లేదు. ముప్పదియేండ్లైన నిండని యామె పుట్టింటికి చేరినది. క్వేకరు మతమును స్వీకరించినది. మఱల పెండ్లియాడలేదు. నవలాకారున కిది గొప్ప యాశాభంగమే. ఆమె జీవితమున రెండవ నాయకుడు ప్రవేశింపనేలేదు!

ప్రవేశించినది పని. కారాగృహములకు పోయి ఖైదీలను చూచినది. కూలిజనుల వేతనములను గుఱించి, మూగజీవుల హింసను గుఱించి, బీదల దుస్థితిని గుఱించి ఇరువదికి పైగా కరపత్రములు రచించినది. డెర్బీషైరులోని బాన్సాల్ అను గ్రామమున ఎద్దును కట్టివేసి కుక్కల నుసిగొలిపి వినోదించు ఆచారముండెను. ఆ వేడుకకు ముందుగనే యామె పోయి, ఆ యెద్దును తానే కొని, గుంపు చెదరిపోవువఱకు దగ్గఱనున్న యొక యింటిలో దాచియుంచెనట! ఉపన్యసించి ఊరకుండునది కాదు, ఎద్దుపలుపు చేత బట్టునది అని దీనివలన తెలియుచున్నది. లెస్టరులో మేజోళ్లు నేయు కార్మికులు సమ్మె కట్టినపుడు, తన కుటుంబ మా పరిశ్రమకు చెందినదైనను, ఆమె కార్మికుల పక్షముననే నిలిచినది.

ఆమెను చరిత్రలో చిరస్మరణీయురాలిని చేసినది 1824లో పేరు లేకుండ ప్రకటించిన యొక చిన్న పుస్తకము. దాని సారము పేరులోనే యున్నది: విమోచనము తక్షణమే కావలెను, క్రమక్రమముగా కాదు.

ఈ రెండు మాటల భేదమును గ్రహించుటకు పూర్వరంగము కొంత తెలియవలెను. ఆఫ్రికానుండి మనుష్యులను ఓడలలో నింపి తెచ్చి విక్రయించు వ్యాపారమును బ్రిటిషు పార్లమెంటు 1807లో నిషేధించెను. అట్లాంటిక్ వ్యాపారము సాగిన శతాబ్దములలో నన్ని జాతుల ఓడలును కలిసి ఎక్కించుకొన్నవారు సుమారు 1 కోటి 25 లక్షలు. ఆవలితీరమున ప్రాణములతో దిగినవారు సుమారు 1 కోటి 7 లక్షలు. తక్కినవారు సముద్రము పాలైరి. వ్యాపారము నిలిచినను దీవులలో నప్పటికే యున్న బానిసలు బానిసలుగనే యుండిరి. వారి విముక్తికై 1823లో లండనులో నొక సంఘ మేర్పడెను. విల్బర్‌ఫోర్సు, క్లార్క్‌సన్, బక్‌స్టన్ మొదలగు మహనీయు లందు ముఖ్యులు. కాని ఆ సంఘము పేరులోనే దాస్యమును తేలికపఱచుట, క్రమముగా తొలగించుట యన్న మాటలుండెను. ముందు కొరడాదెబ్బలు తగ్గింతము, పిమ్మట చదువు నేర్పుదము, ఆ పిమ్మట యోగ్యులైనవారిని విడుతము. అంతవఱకు యజమానులు నొచ్చుకొనరాదు — ఇది పెద్దల రాజనీతి.

ఈ రాజనీతి మూలమునకే హేరిక్ గొడ్డలిపెట్టు పెట్టినది. దాస్యము పాపమని యొప్పుకొన్న పిమ్మట, ఆ పాపమును వాయిదాల పద్ధతిపై విడుచుటకు మనకు హక్కెక్కడిది? సంకెలలోనున్న మనుష్యుని స్వేచ్ఛకు తగినవాడవుదువుగాక యని సంకెలలోనే యుంచుట, ఈత వచ్చిన పిమ్మట నీటిలో దిగుమనుటవంటిది కాదా? 'క్రమముగా' అన్న మాట అంతరాత్మను నిద్రపుచ్చు జోలపాట; యజమాను లీ మాటకు భయపడరు, సంతోషింతురు. ఇది యామె వాదసారము. ఇంకొక మాటయు చెప్పినది. బానిసలను పట్టి యుంచినవాడు దొంగయైనచో, ఆ దొంగసొత్తును తెలిసి కొనువాడును దొంగయే. కావున పార్లమెంటు చేయువఱకు వేచియుండ నక్కఱలేదు. ప్రతి గృహిణియు తన వంటయింటిలో నీ దినముననే చట్టము చేయవచ్చును: వెస్టిండియా చక్కెర మా యింట అడుగిడరాదు!

చక్కెరను వర్జించుట కొత్తకాదు. 1791లో విలియం ఫాక్సు అనునాతని కరపత్రము పిమ్మట దేశమున సుమారు 3 లక్షలమంది చక్కెర మానిరని క్లార్క్‌సన్ అంచనా వేసెను. 'బాయికాట్' అన్న మాట ఐర్లండులో 1880లో పుట్టినది. మాటకు పేరు పెట్టుటకు తొంబదేండ్లు ముందే పని జరిగిన దన్నమాట. హేరిక్ దానికి మఱల ప్రాణము పోసినది. తన చెలికత్తె సుసానా వాట్సుతో గూడి లెస్టరు వీథులలో ఇంటింటికి తిరిగినది. తలుపు తీసినవారిని ఒప్పించినది. తియ్యనివారి తలుపు మఱల తట్టినది. అంగడివాండ్రను బానిస చక్కెర అమ్మవద్దని బతిమాలినది. 1905 తరువాత విదేశవస్త్ర బహిష్కారమున తెలుగు పట్టణములలో ఇంటింటికి తిరిగినవారి కథలు విన్న మన కీ దృశ్యము అపరిచితము కాదు.

పురుషనాయకులకు మాత్ర మీ దృశ్యము రుచింపలేదు. స్త్రీలు సంఘములు కట్టుట, ప్రకటనలు చేయుట, ఇంటింటికి తిరిగి విన్నపములపై సంతకములు చేర్చుట వారి స్వభావమునకు తగదని సాక్షాత్తు విల్బర్‌ఫోర్సే వ్రాసెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న సామెత యున్నది గదా! రచ్చ గెలువవచ్చిన స్త్రీలు ముందుగా స్వపక్షముతోనే పోరాడవలసివచ్చెను. 1825లో బర్మింగుహాములో స్త్రీసంఘ మేర్పడెను. కొలది సంవత్సరములలో అట్టివి డెబ్బదికి పైగా వెలసెను. ఇవి మాటలు చేర్చుటయేగాక డబ్బును చేర్చెను. కేంద్రసంఘపు ఖజానా కొంతవఱకు వీరి చందాలపై నాధారపడెను. 1830లో బర్మింగుహాము స్త్రీలు, 'క్రమముగా' అన్న మాటను తొలగింపనిచో తమ 50 పౌనుల చందా నిలిపివేయుదు మని తెలియజేసిరి. ఆ సంవత్సరము మే మాసమున జరిగిన మహాసభలో ఆ మాట తొలగింపబడెను. అందులకు వేఱు కారణములునుండవచ్చును. కాని ఆఱేండ్లు పెద్దల చెవిని సోకని తర్కము, పద్దుపుస్తకములోనికి దిగిన పిమ్మట సోకినదని చెప్పుటకు సందేహింప నక్కఱలేదు.

హేరిక్ 1831లో కన్నుమూసినది. తాను కోరిన దినమును చూడలేదు. 1833 మే మాసమున 1,87,000కు పైగా స్త్రీల సంతకములతో నొక విన్నపము పార్లమెంటునకు వచ్చెను. దానిని నలుగురు సభ్యులు మోసికొని రావలసివచ్చినదట. ఆ సంవత్సరముననే చట్టము నెగ్గెను. 1834 ఆగస్టు 1వ తేదీని అమలులోనికి వచ్చెను.

నవల యిచ్చట ముగియును. చరిత్ర ముగియదు.

మొదటి మాట: విమోచనము లండను డ్రాయింగురూములలో మాత్రమే పుట్టలేదు. హెయితీ దీవిలో బానిసలు 1791లో తిరుగబడి, 1804లో స్వతంత్రరాజ్యమునే స్థాపించిరి. 1831 డిసెంబరులో జమెయికాలో సామ్ షార్పు నాయకత్వమున వేలకొలది బానిసలు పని నిలిపివేసిరి. ఆ తిరుగుబాటు నణచి మూడువందలకు పైగా మనుష్యులను ఉరితీసిరి. ఆ సంవత్సరముననే, బానిసగా పుట్టి పెరిగిన మేరీ ప్రిన్సు అనునామె తన జీవితకథను చెప్పి వ్రాయించి లండనులో ప్రకటించినది. ఆమెకు కన్నీరు కార్చు వక్త యెవడును అక్కఱలేకపోయెను; తన నోట తానే చెప్పుకొన్నది. ప్రేమకథలలో నిట్టివారు తఱచు తెఱవెనుక మూలుగులుగా మాత్రమే వినబడుదురు. వితంతువు దయార్ద్రహృదయమును చూపుటకు వారు దీపస్తంభములు. అట్టి నవలలందలి పెద్దలోప మిదియే. బాధపడినవాడు తన కథకు తాను నాయకుడు కాలేని చోట, దయ కూడ నొక విధమైన యజమానత్వమే యగును.

రెండవ మాట: వడ్డించువాడు మనవాడైన కడబంతిని కూర్చున్ననేమి? పార్లమెంటులో నుండినవారిలోనే తోటల యజమానులుండిరి. బానిసలను విడిచిపెట్టినందులకు యజమానులకు 2 కోట్ల పౌనుల నష్టపరిహారము ముట్టెను. దానికై చేసిన యప్పులో కడపటి భాగము బ్రిటిషు ప్రజల పన్నులనుండి తీఱినది 2015లో! స్వేచ్ఛ పొందిన సుమారు 8 లక్షలమందికి చిల్లిగవ్వయైన ముట్టలేదు. పైగా 'శిష్యరికము' అన్న ముద్దుపేరుతో 1838 వఱకు పాత యజమానుల క్రిందనే జీతములేని చాకిరి చేయవలసివచ్చెను. హేరిక్ శంకించినట్లే 'క్రమముగా' అన్న మాట ముందువాకిట పోయి పెరటిదారిని వచ్చెను.

మూడవ మాట మనకు సంబంధించినది. చక్కెర వర్జించిన యాంగ్లస్త్రీలు తూర్పిండియా చక్కెరను వాడుచుండిరి. ఇది బానిసలు చేసినది కాదని గిన్నెలపై వ్రాయించుకొనుచుండిరి. పాపము, వారి నమ్మకము వారిది. కాని 1833 చట్టము కంపెనీ పాలననున్న మన దేశమునకు వర్తింపలేదు. ఇచ్చట దాస్యమును కోర్టులు గుర్తింపరాదన్న శాసనము 1843లో గాని రాలేదు. మఱియు, బానిసలు పోయిన తోటలకు మనుష్యులు కావలసివచ్చినపుడు యజమానుల చూపు మన తీరములపై పడెను. 1834 మొదలు మారిషసునకు, 1838 మొదలు బ్రిటిషు గయానాకు భారతీయులను ఒడంబడిక కూలీలుగా గొనిపోయిరి. కోరంగి మొదలగు రేవులనుండి తెలుగువారు మారిషసు చేరిరి. 1860లో చెన్నపట్టణమునుండి నేటాలునకు బోయిన మొదటి ఓడలోను తెలుగువా రుండిరి. అచ్చటను వారిని పిలిచినది ఆ చెఱకే!

ఆ ఓడలలో నూఱుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలుండవలెనని పిమ్మట నియమ మేర్పడెను. కుటుంబములతో పోవువారు తక్కువ. లెక్క నిండుటకై దళారులు సత్రములవెంట, సంతలవెంట, పుణ్యక్షేత్రములవెంట వెదకిరి. వారికి దొరకినవా రెవరు? భర్తలు విడిచినవారును, భర్తలు పోయినవారును. పుట్టినింట బరువై, మెట్టినింట కఱవై, ఎచ్చటికైన పోయి బ్రతుకుదమన్న వితంతువులు ఓడ లెక్కిరి. కథలో మనము చూడని వితంతువు ఈమె. లండను వితంతువు చక్కెరను మానుటచే చరిత్ర కెక్కినది. మన వితంతువు చెఱకు నఱకి, ఆ చక్కెరను చేయుటలో నడుము విఱిగి, ఓడపట్టీలో నొక యంకెగా మిగిలినది. ఈ కూలీల పంపకము 1917లో నిలిచెను. ఆమెపై మనము వ్రాసికొన్న నవల లెన్ని?

చదువరులలో భూములు గలవారు పెక్కండ్రు. వారితో నొక మాట చెప్పి ముగింతుము. నిజాము రాజ్యములోని తెలంగాణమున వెట్టిచాకిరి యెంతకాలము సాగినదో మన మెఱుగుదుము. అప్పు తీఱువఱకు పాలేరు, వానికి తీఱకున్న వాని కుమారుడు, దొర యింట కట్టుపడి యుండు నాచారమును చట్టము దేశమంతట రద్దుచేసినది 1976లో! అప్పుడును 'ఒక్కమాఱుగా కాదు, క్రమక్రమముగా' అన్న పెద్దమనుష్యులుండిరి. కూలిరేట్ల మాట వచ్చినపుడు ఆ మాట నేటికిని రచ్చబండలపై వినవచ్చుచునే యున్నది.

కావున ఆ ప్రేమకథలను చదువుడు, తప్పులేదు. మంగళాంతమున సంతసింపుడు. కాని పుస్తకము మూసి కాఫీగ్లాసు చేత బట్టునపుడు, లెస్టరు పట్టణమున తలుపు తట్టిన యా వితంతువు ఒక్కక్షణము మీ గడపయందు నిలిచినట్లు భావింపుడు. ఆమె మిమ్ము కన్నీ ళ్లడుగదు. అందలి చక్కెర యెవరి చేతిది, ఆ చేతికి ముట్టిన దెంత అని మాత్రమే యడుగును.